పాత టకోమా 4×4కి సరిగ్గా సరిపోయే వీల్స్ ఎంచుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఆరు రంధ్రాలున్న వీల్ ఆరు స్టడ్‌ల (నట్లు బిగించే మర కడ్డీల) హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) మీదికి ఎక్కినంత మాత్రాన అది ఆ బండికి సరిపోయినట్టు కాదు. అమెరికాలో పాత టయోటా టకోమా పికప్ ట్రక్కు కొనుక్కున్నవాళ్లు వీల్స్ మార్చేటప్పుడు పొరపడేది ఇక్కడే. ప్రకటనలో "సిక్స్ లగ్ ట్రక్కు వీల్స్" అని చూసి, డబ్బు కట్టి, నాలుగూ ఇంటికి తెచ్చుకుంటారు. తీరా బిగించబోతే మధ్య రంధ్రం హబ్ మీదికి దూరదు. లేదా దూరుతుంది గానీ బ్రేక్ క్యాలిపర్‌కి (బ్రేక్ డిస్కుని నొక్కే భాగానికి) ఆనుతుంది. లేదా అన్నీ సరిపోయినట్టే ఉంటాయి, నట్లు మాత్రం కూర్చోవాల్సిన చోట కూర్చోవు. ఈ మూడోదే అన్నిటికన్నా ప్రమాదం. మొదటి రెండూ అక్కడికక్కడే తెలిసిపోతాయి. మూడోది బండి హైవే మీద ఉన్నప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా 1995 నుంచి 2004 మోడల్ దాకా వచ్చిన మొదటి తరం టకోమా 4×4 (నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నది) గురించి. ఈ తరం బండ్లు చాలావరకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, టయోటా, జనరల్ మోటార్స్ కలిసి నడిపిన నుమ్మీ ఫ్యాక్టరీలో తయారయ్యాయి. అదే ఇవాళ్టి టెస్లా ఫ్యాక్టరీ. చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు రోజూ దాని ముందు నుంచే వెళ్తుంటాయి. బండి పాతదే అయినా ఇంజిన్ గట్టిది, కొండదారుల్లో మొండిగా లాగుతుంది. అందుకే ఇప్పటికీ వెతికి మరీ కొంటున్నారు. అలాంటి బండికి ఏదో ఒక వీల్ తగిలించడం దానికి అన్యాయం చేయడమే. ఒక సాయంత్రం కూర్చొని కొలతలు తీసుకుంటే ఈ పని తప్పు పోకుండా చేయవచ్చు.

వీల్స్ కంటే ముందు బండిని చూడండి

ఈ తరం టకోమాలో రెండు బలహీనతలు అందరికీ తెలిసినవే. ఒకటి ఛాసిస్, అంటే బండి కింది ఇనుప ఫ్రేమ్, తుప్పు. మంచు పడే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది ఫ్రేమ్‌ను లోపలి నుంచి తినేస్తుంది. 1995–2000 బండ్ల ఫ్రేమ్‌కి తుప్పు చిల్లుల విషయంలో టయోటా 2008లో వారంటీని 15 ఏళ్లకు పెంచింది. ఆ గడువు ఎప్పుడో అయిపోయింది, కాబట్టి ఇప్పుడు చూసుకోవాల్సింది మీరే. వెనక లీఫ్ స్ప్రింగ్ బిగించే చోట, స్పేర్ టైరు పైభాగంలో సుత్తితో తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. మందకొడిగా మోగినా, పొరలు రాలినా వీల్స్ డబ్బు పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.

రెండోది ముందు సస్పెన్షన్‌లోని లోయర్ బాల్ జాయింట్, అంటే ముందు చక్రాన్ని కింది వైపు పట్టి ఉంచే గుండ్రటి కీలు. ఈ బండిలో దాని అమరిక ఎలాంటిదంటే, బరువు దాన్ని అదమదు, ఊడదీసేలా లాగుతుంది. అరిగిపోయిన జాయింట్ ఊడితే ముందు చక్రం పక్కకు వాలిపోతుంది. బయటికి జరిగే వెడల్పాటి వీల్ వేస్తే ఈ జాయింట్ మీద, వీల్ బేరింగ్ మీద భారం ఇంకా పెరుగుతుంది. అందుకని ముందు టైరును జాక్ మీద గాలిలోకి లేపి, పైనా కిందా పట్టుకొని కదిపి చూడండి. ఏ కాస్త ఆడుతున్నట్టు అనిపించినా మెకానిక్‌కి చూపించి, అరిగిందని తేలితే ముందు జాయింట్లు మార్పించండి. ఈ విషయంలో చౌక రకం భాగాలు వద్దు, కంపెనీవే కొనండి.

మీ బండి అంకెలు రాసుకోండి

డ్రైవర్ తలుపు తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది. అందులో బండికి ఇచ్చిన టైరు సైజు, గాలి ఒత్తిడి, ముందు వెనక యాక్సిల్స్ ఒక్కొక్కటీ మోయగల బరువు ఉంటాయి. ఫొటో తీసి పెట్టుకోండి. ఇప్పుడున్న వీల్ వెనక వైపు పోతలో వెడల్పు, కొన్నిటిలో ఆఫ్‌సెట్ (ఇదేమిటో కింద చెప్తాను) కూడా అచ్చయి ఉంటాయి. అవీ రాసుకోండి. పాత బండి కదా, ముందు యజమాని ఎప్పుడో వీల్స్ మార్చేసి ఉండవచ్చు. ఇప్పుడున్నవి కంపెనీ వీల్సే అని నమ్మేయకుండా స్టిక్కర్‌తో పోల్చుకోండి.

బోల్ట్ ప్యాటర్న్: సులువైన భాగమే, కానీ దగ్గరి పోలికతో జాగ్రత్త

బోల్ట్ ప్యాటర్న్ అంటే స్టడ్‌లు ఎన్ని, అవి ఎంత వృత్తంలో ఉన్నాయి అన్నది. ఈ బండికి ఆరు స్టడ్‌లు, వాటి మధ్యగా గీసిన వృత్తం వ్యాసం 139.7 మి.మీ., అంటే 5.5 అంగుళాలు. ఆరు స్టడ్‌లు కాబట్టి ఎదురెదురుగా ఉన్న రెండిటి మధ్య కొలిస్తే చాలు. ఒక స్టడ్ బయటి అంచు నుంచి ఎదుటి స్టడ్ లోపలి అంచు దాకా కొలవండి, సరిగ్గా ఈ అంకే వస్తుంది.

రెండు చక్రాల డ్రైవ్ ఉన్న మామూలు టకోమాకి ఐదు స్టడ్‌లే, 114.3 మి.మీ. అది అసలు ఎక్కదు. ఇబ్బందంతా దగ్గరగా ఉండే అంకెలతోనే. 2004 నుంచి వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 వీల్స్ కూడా ఆరు రంధ్రాలవే, కానీ 135 మి.మీ. చూడ్డానికి తేడా తెలియదు. రంధ్రాలు కాస్త వదులుగా ఉంటే స్టడ్‌ల మీదికి సగం దూరి, నట్ బిగిస్తుంటే స్టడ్ వంగుతుంది. అలా వంగిన స్టడ్ ఆ తర్వాత ఎప్పుడైనా తెగుతుంది. 2005 నుంచి వచ్చిన నిస్సాన్ ఫ్రాంటియర్‌వి 114.3 మి.మీ., దాని జోలికే వెళ్లకండి.

మధ్య రంధ్రం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ

షెవర్లె సిల్వరాడోకి కూడా ఆరు స్టడ్‌లు, 139.7 మి.మీ. అమెరికాలో ఆ వీల్స్ ఎక్కడ చూసినా దొరుకుతాయి, చౌక కూడా. అందుకే ఆశపడతారు. కానీ సిల్వరాడో వీల్ మధ్య రంధ్రం 78.1 మి.మీ. మాత్రమే. టకోమా 4×4 హబ్ వీల్ మధ్యలోంచి బయటికి పొడుచుకొని వస్తుంది, దానికి సుమారు 106 మి.మీ. రంధ్రం కావాలి. హబ్‌ని చేత్తో తిప్పి లాక్ చేసే రకం బండి అయితే ఆ లాక్ గుబ్బ ఇంకా ముందుకు వస్తుంది. అక్కడ రంధ్రం పెద్దదైతే చాలదు, మధ్య క్యాప్ కూడా హబ్ బయటికి రావడానికి వీలుగా ఉండాలి.

చిన్న రంధ్రాన్ని లేత్ మీద కోయించి పెద్దది చేయిస్తే సరిపోతుంది కదా అని కొందరు సలహా ఇస్తారు. 78ని 106 చేయాలంటే చుట్టూ 14 మి.మీ. లోహం పోతుంది, అదీ వీల్ హబ్‌కి ఆనే చోటే. నేనైతే ఒప్పుకోను. అంత తీసేశాక ఆ వీల్ ఎంత బరువు మోస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

టయోటా పేరుంటే చాలనుకోవడం కూడా తప్పే. 2022 నుంచి వచ్చిన కొత్త టండ్రా (టయోటా పెద్ద పికప్) వీల్స్ మళ్లీ ఆరు రంధ్రాల 139.7 మి.మీ. కొలతకే వచ్చాయి, కానీ వాటి మధ్య రంధ్రం 95.1 మి.మీ., స్టడ్‌లు కూడా 14 మి.మీ. లావువి. పాత టకోమాకి అవి పనికిరావు. 2007 నుంచి 2021 వరకు వచ్చిన టండ్రాకైతే ఐదే స్టడ్‌లు.

రంధ్రం హబ్ కంటే కొద్దిగా పెద్దదైతే ఫరవాలేదు. బయటి కంపెనీల వీల్స్‌లో 108 మి.మీ. రంధ్రం మామూలే. దానికి కోన్ నట్ (వీల్‌కి ఆనే వైపు వాలుగా ఉండే నట్) సరిగ్గా కూర్చుంటే వీల్ మధ్యకి వస్తుంది, ఖాళీ నిండేలా అల్యూమినియం రింగు వేసుకోవచ్చు కూడా. చిన్నదైతే మాత్రం ఆ వీల్‌ని వదిలేయండి.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకి ఒక మాట. శ్రీసిటీలో తయారైన ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్‌కి కూడా ఆరు స్టడ్‌లు, 139.7 మి.మీ. కానీ దాని హబ్ సుమారు 100 మి.మీ. కాబట్టి టయోటా హైలక్స్ వీల్ దానికి వదులుగా ఎక్కుతుంది, రింగు కావాలి. దాని వీల్ మాత్రం టయోటా హబ్‌కి దూరదు.

ఆఫ్‌సెట్, బ్యాక్‌స్పేసింగ్: ఓపిగ్గా లెక్క వేసుకోవాల్సిన చోటు

వీల్ వెడల్పుకి సరిగ్గా నడిమధ్య ఒక గీత ఊహించుకోండి. వీల్ హబ్‌కి ఆనే ముఖం ఆ గీత మీదే ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. ఆ ముఖం గీత నుంచి వీధి వైపు జరిగి ఉంటే ప్లస్, అప్పుడు టైరు బండి కిందకి లోపలికి వెళ్తుంది. ముఖం ఇంజిన్ వైపు జరిగి ఉంటే మైనస్, టైరు బయటికి వస్తుంది. బ్యాక్‌స్పేసింగ్ అంటే వీల్ లోపలి అంచు నుంచి ఈ ముఖం దాకా ఉన్న లోతు. వీల్‌ని బోర్లా పడుకోబెట్టి, పైన అడ్డంగా ఒక తిన్నటి కర్ర పెట్టి, కర్ర కింది అంచు నుంచి ముఖం దాకా టేపుతో కొలిస్తే అదే బ్యాక్‌స్పేసింగ్.

ఒక్క చిక్కు ఉంది. "7 అంగుళాల వీల్" అంటే టైరు కూర్చునే చోటు నుంచి చోటుకి 7 అంగుళాలు. అంచులతో కలిపి కొలిస్తే దాదాపు 8 వస్తుంది. కాబట్టి బ్యాక్‌స్పేసింగ్ లెక్కకి వెడల్పుకి ఒక అంగుళం కలిపి, సగం చేసి, ఆఫ్‌సెట్‌ని అంగుళాల్లోకి మార్చి కలపాలి. మైనస్ అయితే తీసేయాలి.

ఉదాహరణకి, మీ పాత వీల్ 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ +15 అనుకుందాం. కొనాలనుకుంటున్నది 8 అంగుళాలు, ఆఫ్‌సెట్ సున్నా. వెడల్పు ఒక అంగుళం పెరిగింది, అంటే రెండు వైపులా 12.7 మి.మీ. చొప్పున. ఆఫ్‌సెట్ 15 తగ్గింది, అంటే వీల్ మొత్తం 15 మి.మీ. బయటికి జరిగింది. బయటి అంచు 12.7 + 15, దాదాపు 28 మి.మీ. ముందుకొస్తుంది. లోపలి అంచు 15 నుంచి 12.7 తీసేస్తే కేవలం 2 మి.మీ. బయటికి జరుగుతుంది. లోపల ఎక్కడా ఆనదు, బయట మాత్రం అంగుళం పైన పొడుచుకొస్తుంది. ఫెండర్ బయటికి టైరు రావడాన్ని కొన్ని రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకోదు, మీ రాష్ట్రం నిబంధన చూసుకోండి.

ఇదే లెక్క తిరగేసి చూడండి. 2005–2015 టకోమా కంపెనీ వీల్స్ చౌకగా దొరుకుతాయి, బోల్ట్ ప్యాటర్న్, మధ్య రంధ్రం రెండూ సరిపోతాయి. కానీ వాటి ఆఫ్‌సెట్ చాలావరకు +30 దగ్గర ఉంటుంది. పాత వీల్ +15 అయితే అదే వెడల్పు వీల్ కూడా 15 మి.మీ. లోపలికి వెళ్తుంది. అప్పుడు పై కంట్రోల్ ఆర్మ్‌కి (చక్రాన్ని పై వైపు పట్టుకునే చేయి), స్టీరింగ్ టై రాడ్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) చివరకి టైరు ఎంత దూరంలో ఉందో చూడకుండా కొనకూడదు.

స్పేసర్లు, అంటే హబ్‌కి వీల్‌కి మధ్య పెట్టే దిమ్మలు, పెట్టి సరిచేద్దాం అంటారు కొందరు. స్టడ్‌ల మీద ఊరికే దూర్చే పళ్లెం లాంటివి వద్దు, అవి నట్ పట్టుకోవాల్సిన మరలని తినేస్తాయి. విడిగా బిగించే, హబ్ మీద సరిగ్గా కూర్చునే రకం కొంత నయం. అయినా సరైన ఆఫ్‌సెట్ వీల్ దొరికేటప్పుడు స్పేసర్ ఎందుకన్నది నా అభిప్రాయం.

15 అంగుళాలా, 16 అంగుళాలా?

ఈ బండ్లు మామూలు మోడల్స్‌లో 225/75 ఆర్15 టైర్లతో, కొన్ని 31×10.50 ఆర్15తో, టీఆర్‌డీ ఆఫ్‌రోడ్ ప్యాకేజీవి (మట్టి, రాళ్ల దారుల కోసం టయోటా ఇచ్చిన రకం) 265/70 ఆర్16తో వచ్చాయి. నా ఓటు 16×7 అంగుళాలకే (వ్యాసం 16, వెడల్పు 7). మంచి ఆల్ టెరైన్ (రోడ్డుకీ మట్టి దారికీ పనికొచ్చే) టైర్లు 15 అంగుళాల్లో ఏటేటా తగ్గిపోతున్నాయి. పైగా ముందుముందు టండ్రా బ్రేకులు వేసుకోవాలని ఉంటే, ఆ పెద్ద క్యాలిపర్‌కి 15 అంగుళాల వీల్‌లో చోటు చాలదు. 17 అంగుళాలు ఎక్కుతాయి గానీ టైరు పక్కగోడ తగ్గుతుంది, రాళ్ల దారిలో గాలి తగ్గించి నడపడానికి అది అంత అనుకూలం కాదు.

నన్నడిగితే అన్నిటికన్నా నిశ్చింతగా కొనదగినవి 1996–2002 టయోటా 4రన్నర్ ఎస్‌యూవీ 4×4కి వచ్చిన 16×7 కంపెనీ వీల్స్. అదే ప్యాటర్న్, అదే మధ్య రంధ్రం. పాత బండ్ల యార్డుల్లో దొరుకుతాయి.

టైరు ఎత్తు మారితే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. 225/75 ఆర్15 ఎత్తు సుమారు 718 మి.మీ., 265/70 ఆర్16ది 777, 265/75 ఆర్16ది 804. మొదటి దాని నుంచి మూడో దానికి మారితే దాదాపు 12 శాతం తేడా. మీటరు 60 చూపిస్తుంటే బండి 67 మైళ్ల వేగంతో వెళ్తుంటుంది. టికెట్ రాసేటప్పుడు పోలీసు మీ టైరు సైజు అడగడు.

టైరుకి రిమ్ వెడల్పు కూడా కుదరాలి. 31×10.50కి 7 నుంచి 9 అంగుళాల రిమ్ కావాలి, 6 అంగుళాల పాత స్టీల్ రిమ్ మీద దాన్ని ఎక్కించకూడదు.

మోసే బరువు

స్టిక్కర్ మీద వెనక యాక్సిల్ బరువు ఎంతుందో చూసి సగం చేయండి. ఒక్కో వీల్ కనీసం అంత మోయాలి. వీల్ వెనక ఆ అంకె పౌండ్లలోనో కిలోల్లోనో ఉంటుంది. జపాన్ ప్రమాణంలో జేడబ్ల్యూఎల్-టీ అని ఉంటే అది ట్రక్కులకి పరీక్షించిన వీల్. కార్ల కోసం చేసిన వీల్స్ మీద "టీ" ఉండదు. టైరు సైజు ముందు "పీ" అక్షరం ఉన్న కారు టైరును పికప్‌కి వాడితే, దాని మీద రాసిన బరువుని 1.10తో భాగించి లెక్కించుకోవాలి. ట్రక్కుల "ఎల్‌టీ" టైర్లకి ఆ తగ్గింపు లేదు.

నట్లు: ప్రాణం ఉన్నది వీటిలోనే

స్టడ్ మర ఎం12×1.5. ఈ అంకె అందరూ సరిగ్గానే చూస్తారు, నట్ ఆకారం మాత్రం చూడరు. టయోటా కంపెనీ అల్లాయ్ వీల్స్‌కి వచ్చే నట్‌కి కింద సాపు వాషర్ ఉంటుంది, దాని లోపల గుండ్రటి కాండం వీల్ రంధ్రంలోకి దిగుతుంది. స్టీల్ వీల్స్‌కి, బయటి కంపెనీల అల్లాయ్స్‌లో ఎక్కువ వాటికి 60 డిగ్రీల కోన్ నట్ కావాలి. ఒకదాని నట్ రెండోదానికి వాడకూడదు. కంపెనీ అల్లాయ్‌కి కోన్ నట్ బిగిస్తే అది రంధ్రం అంచుని మాత్రమే పట్టుకుంటుంది. రెంచికి బిగుతుగానే తెలుస్తుంది, అంచు నలిగేకొద్దీ వదులవుతుంది. కాబట్టి వీల్స్ కొనేటప్పుడు వాటి నట్లు కూడా అడగండి. ఇవ్వకపోతే రంధ్రంలోకి టార్చ్ వేసి చూడండి: లోపల సాపు మెట్టు ఉందా, వాలు ఉందా తెలుస్తుంది.

నట్ చేత్తో తిప్పుతుంటే కనీసం 8 చుట్లు దిగాలి. స్టడ్ లావు ఎంతో కనీసం అంత లోతు నట్ దిగాలి; లావు 12 మి.మీ., ఒక్కో చుట్టుకి 1.5 మి.మీ. కాబట్టి ఆ లెక్క. స్పేర్ వీల్ స్టీల్‌దైతే, దానికి ఏ నట్ వాడాలో మాన్యువల్‌లో చూసి, కావాల్సినవి ఆరు గ్లోవ్‌బాక్స్‌లో ఉంచండి.

పాత వీల్స్ కొనేటప్పుడు

లోపలి అంచు చుట్టూ వేలు నడిపించండి. బయటి అంచు మెరిపించి అమ్ముతారు, దెబ్బలు లోపల ఉంటాయి. స్టడ్ రంధ్రాల చుట్టూ సన్నటి పగుళ్లు, వెల్డింగ్ మచ్చ, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగడం కనిపిస్తే వెనక్కి తిరగండి. టైర్లతో సహా ఇస్తుంటే పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. టైరుకి గీతలు ఎంత లోతున్నా, వయసు మీరితే రబ్బరు గట్టిపడుతుంది.

ముందు ఒక్కటి, అదీ టైరు లేకుండా

టైరు ఎక్కించాక వీల్ వెనక్కి తీసుకునే దుకాణం దొరకడం కష్టం. అందుకే ఖాళీ వీల్ ఒకటి ముందు హబ్‌కి బిగించి చూడండి. బండిని జాక్ మీద వదిలేయకుండా స్టాండ్ పెట్టండి. హబ్ ముఖం, చుట్టూ ఉన్న తుప్పు తీగ బ్రష్‌తో గీకేయండి, లేకపోతే వీల్ సమంగా ఆనదు.

క్యాలిపర్ మీద పిల్లలు ఆడుకునే మట్టి చిన్న ముద్ద అంటించి, వీల్ బిగించి చేత్తో ఒక చుట్టు తిప్పండి. విప్పి చూస్తే మట్టి ఎంత మందం మిగిలిందో అదే ఖాళీ. నాలుగు మి.మీ. కంటే తక్కువ ఉంటే నేను ఆ వీల్ వాడను. లోపల అతికించే బ్యాలెన్స్ బరువులకి కూడా చోటు కావాలి. ఆ తర్వాత స్టీరింగ్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి టై రాడ్ దగ్గర, పై ఆర్మ్ దగ్గర చూడండి. ముందు బంపర్ వెనక, ఫెండర్ లోపలి వెనక మూల దగ్గర ఒరుసుకునేది టైరే కాబట్టి, టైరు ఎక్కించాక ఈ పరీక్ష మళ్లీ చేయాలి. బండి ఒకవైపు ఎత్తైన చోట ఎక్కి సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ఈ బండిలో మధ్య డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ పెట్టకూడదనేది అందుకే, టైర్లలో తేడా ఉంటే మట్టిలో కూడా గేర్లు బిగుసుకుంటాయి. స్పేర్ కూడా అదే సైజుది కొని, అది వెనక తొట్టి కింద పడుతుందో లేదో అప్పుడే చూసుకోండి.

బిగించడం

స్టడ్‌లకి నూనె గానీ గ్రీజు గానీ రాయకండి, రాస్తే టార్క్ (నట్‌ని తిప్పే బలం) లెక్క తప్పుతుంది. మధ్య హబ్ అంచుకి మాత్రం పలుచగా యాంటీ సీజ్ (లోహాలు అతుక్కోకుండా ఆపే పూత) రాస్తే తుప్పు పట్టి అతుక్కోదు. నట్లు ముందు చేత్తో దించి, ఒకటి బిగిస్తే తర్వాత దానికి ఎదురుగా ఉన్నది బిగిస్తూ, రెండు మూడు విడతల్లో పూర్తి చేయండి. చివర టార్క్ రెంచితో 83 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 113 న్యూటన్-మీటర్లు. బయటి కంపెనీ వీల్ అయితే ఆ కంపెనీ వేరే అంకె ఇచ్చిందేమో చూడండి. టైర్ల దుకాణంలో ఎయిర్ గన్‌తో చివరిదాకా బిగించేస్తుంటే ఆపమని చెప్పండి, మొహమాటపడొద్దు.

50 నుంచి 100 మైళ్లు నడిపాక, వీల్స్ చల్లగా ఉన్నప్పుడు అదే రెంచితో ప్రతి నట్‌నీ మళ్లీ చూడండి. ఏ ఒక్కటైనా పావు చుట్టు కంటే ఎక్కువ తిరిగితే ఆ వీల్ విప్పి, నట్ ఆనిన చోటు పరిశీలించండి. అక్కడ గీతలో, నలుగుడో కనిపిస్తే నట్ రకం తప్పని అర్థం, మళ్లీ బిగించి ఊరుకోకండి. వెడల్పు గానీ ఆఫ్‌సెట్ గానీ మారితే అదే వారంలో అలైన్‌మెంట్ చేయించండి.